అప్‌డేట్: అవ్వ ఫోటోల్లో ఆకుపచ్చ రంగు ఎక్కడి నుంచి వచ్చిందో దొరికింది

కర్నూల్లో మా వాకిట్లో సాయంత్రం నీడలో అవ్వను ఫోటో తీస్తే ఒక చెంప ఆకుపచ్చగా, కళ్ల కింద నల్లగా వస్తోందని పోయిన నెల అడిగాను కదా, తేలిపోయింది. అందరికీ థ్యాంక్స్. లెన్స్‌ది తప్పేం లేదు, అనవసరంగా కొత్తది కొనబోయాను. వైట్ బ్యాలెన్స్ (ఫోటో మొత్తం రంగును సరిచేసే కెమెరా సెట్టింగ్) మార్చినా లాభం లేదు, ఆ చెంప సరైతే రెండోది గులాబీగా తిరిగేది. అసలు దొంగ ఎదురింటి ఆకుపచ్చ గోడ! సాయంత్రం ఎండ దాని మీద పడి ఆ రంగంతా ఇటు కొట్టేది. గోడ చూడమన్నవాళ్ల మాటే నిజం. ఇప్పుడు ఉదయం పది దాటాక, ఆ గోడ ఇంకా నీడలో ఉండగానే, అవ్వను గుమ్మం లోపల రెండడుగుల దూరంలో వెలుతురు వైపు తిప్పి కూర్చోబెట్టి ఒళ్లో తెల్ల థర్మోకోల్ షీటు పెడుతున్నాను. అది వెలుతురును కింది నుంచి ముఖం మీదికి కొట్టడంతో కళ్ల కింద నలుపూ పోయింది. ముడతలన్నీ కనిపిస్తున్నాయని అవ్వే అలిగింది.