సత్రమా, ఛత్రమా? "సత్రం భోజనం, మఠం నిద్ర" గురించి

కృష్ణాతీరం: ఇంగ్లండులో వించెస్టర్ దగ్గర 'హాస్పిటల్ ఆఫ్ సెయింట్ క్రాస్' అనే పాత ధర్మసంస్థను చూసొచ్చి దాని గురించి రాస్తున్నాను. 1130లలో బిషప్ హెన్రీ ఆఫ్ బ్లువా కట్టించాడు. 13 మంది నిరుపేదలకు నీడ, రోజూ మరో 100 మందికి భోజనం. పేరులో హాస్పిటల్ ఉంది గానీ ఆసుపత్రి కాదు. 'సత్రం' అని రాయగానే అమ్మమ్మ మాట గుర్తొచ్చింది: సత్రం భోజనం, మఠం నిద్ర. ఆవిడ మాత్రం 'ఛత్రం' అనేది. ఏది సరి?

నిఘంటుప్రియ: అసలు రూపం సత్త్రం, త వత్తు ఉండాలి. మొదట రోజుల తరబడి సాగే సోమయాగం, తర్వాత అన్నశాల. ఛత్రం అంటే గొడుగు. మీ అమ్మమ్మగారిది చిత్తూరు వైపా? తమిళంలో చత్తిరం అంటారు.

గోదారిగట్టు: గొడుగైనా నీడే కదండీ! ఆవిడ మాటను తప్పనకండి. హాస్పిటల్ అన్నదీ అతిథి మర్యాద నుంచి పుట్టిన మాటే.

పల్నాటి పిల్ల: నాకు సత్రమే నచ్చలేదు. సత్రంలో రెండు రోజులుండి పోతాం. అక్కడి 'బ్రదర్స్', అంటే అక్కడ నీడ దొరికినవాళ్ళు, కడదాకా ఉంటారు. ఎవరి వాటా వాళ్ళది, పైన వరసగా పొడుగాటి పొగగొట్టాలు. అది ఇల్లు.

కృష్ణాతీరం: బాటసారికీ పెడతారమ్మా. గేటు దగ్గర అడిగితే కొమ్ముతో చేసిన చిన్న గ్లాసులో బీరు, ఓ రొట్టెముక్క చేతికిచ్చారు. అందుకే సత్రం అన్నాను.

నిఘంటుప్రియ: మరి 1445లో కార్డినల్ బోఫర్ట్ చేర్చిన 'నోబుల్ పావర్టీ' శాఖను ఏమంటారు? 'ఉదాత్త దారిద్ర్యం' అంటాను నేను.

పల్నాటి పిల్ల: అక్కడ నోబుల్ అన్నది పేదరికాన్ని కాదు, మనుషుల్ని. పెద్దింట పుట్టి చితికిపోయినవాళ్ళ కోసం పెట్టింది. మనకు చక్కటి మాటుంది: బతికి చెడ్డవాళ్ళు. పాత శాఖవాళ్ళకు నల్ల గౌను, వీళ్ళకు ఎర్రది.

గోదారిగట్టు: బతికి చెడ్డవాడంటే శ్రీనాథుడే! ఆయనదీ 15వ శతాబ్దమే. కనకాభిషేకం చేయించుకున్న మనిషి బొడ్డుపల్లి గుత్తకు తీసుకుని, ఏడువందల టంకాలు కట్టలేక అల్లాడాడని చివరి చాటువు. అది చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. ఆయనకు అలాంటి ఎర్ర గౌను, ఓ గది దొరికి ఉంటే!

నిఘంటుప్రియ: ఆ పద్యం ఆయనదేనా అన్నది వేరే చర్చ.

గోదారిగట్టు: ఆయనది కాకపోతే ఆ ఠీవి ఇంకెవరికి వస్తుందండీ?

పల్నాటి పిల్ల: మఠం సంగతి మరిచారు. అక్కడున్నవాళ్ళు సన్యాసులు కారు, అయినా ఆవరణలోనే పెద్ద చర్చి. గోడలు మీటరు పైన మందం. కడుతూండగానే కాలం మారిందేమో, గుండ్రటి నార్మన్ తోరణాల పక్కనే మొన తేలిన గోతిక్‌వి కనిపిస్తాయి.

కృష్ణాతీరం: భోజనం, నిద్ర రెండూ ఒక్కచోటే అన్నమాట. ప్రస్తుతానికి 'బతికి చెడ్డవారి సత్రం' అని రాసుకున్నాను.

నిఘంటుప్రియ: త వత్తు మరిచిపోయారు.

గోదారిగట్టు: అమ్మమ్మగారి గొడుగు కూడా.