పెబుల్ బీచ్‌లో సముద్రం కనపడని హోళ్ల సంగతేంటి?

బోగీరాజు (ఫ్రీమాంట్)
తిడతారని తెలిసే రాస్తున్నా. యాభయ్యో పుట్టినరోజుకి కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ గోల్ఫ్ కోర్సు ఆడొచ్చాను. పద్దెనిమిది హోళ్లలో (హోల్ అంటే మొదటి షాట్ నుంచి గుంత దాకా ఉండే మైదానం ముక్క) 4 నుంచి 10 దాకా సముద్రం పక్కనే, మళ్లీ 17, 18. మొత్తం తొమ్మిది. వాటి జోలికి నేను పోను. మిగతా తొమ్మిదిలో 1, 2, 3 ఒళ్లు వేడెక్కడానికి అనుకుని సరిపెట్టుకుందాం. 10 అయిపోయాక సముద్రానికి వీపు తిప్పి 11లో గట్టు ఎక్కుతాం చూడండి, అక్కడి నుంచి 16 దాకా ఏ ఊళ్లోనైనా ఉండే హోళ్లే. చెట్లు, ఇళ్లు, బంకర్లు (ఇసుక గుంటలు), అంతే. ఫీజు 600 డాలర్లు దాటింది, బ్యాగు మోసే క్యాడీకి వేరే. ముందుగా టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) కావాలంటే వాళ్ల రిసార్టులో గది కూడా తీసుకోవాలి. మూడో వంతు మామూలుగా ఉన్న కోర్సుని నెత్తిన పెట్టుకోవడం ఏంటి?

మూడుపుట్లమూర్తి (హైదరాబాద్)
రాజు గారూ, "ఏ ఊళ్లోనైనా ఉండే హోళ్లు" అన్నారు కదా. 14 ఏ ఊళ్లో ఉందో చెప్పండి, నేనూ వెళ్లి ఆడతాను. 570 గజాల పైచిలుకు పార్ 5 (ఐదు షాట్లలో ముగించాల్సిన హోల్), కుడికి వంగుతుంది, గ్రీన్ (గుంత ఉండే నున్నటి గడ్డి) ముందు నోరు తెరుచుకున్న బంకర్. మూడో షాట్ కాస్త పొట్టిగా పడిందా, బంతి వెనక్కి దొర్లి మీ కాళ్ల దగ్గరికే వస్తుంది. 2010 ఫిబ్రవరిలో అక్కడ జరిగిన టూర్ పోటీలో పాల్ గోయిడోస్ ఆఖరి రోజు గెలిచే దారిలో ఉండి ఈ హోల్‌లో 9 షాట్లు కొట్టాడు. సముద్రం లేదు, కొండ లేదు, గాలి పెద్దగా లేదు. ఉత్త గ్రీన్ చేసిన పని అది.

ఇంకో మాట. విస్తరి నిండా బూరెలే వడ్డిస్తే ఎవరైనా తింటారా? మధ్యలో మజ్జిగన్నం ఉండాలి. 8లో అగాధం మీదుగా కొట్టాక, 9, 10లో కుడి పక్కంతా సముద్రమే చూశాక, మనసు కాస్త కుదుటపడాలి. 17లో మళ్లీ నీళ్లు కనపడగానే గుండె ఝల్లుమంటుందంటే, మధ్యలో ఆరు హోళ్లు కనపడలేదు కాబట్టే.

కొత్తబంతి
600 డాలర్లా?? నాకు ఐరన్ కర్రల సెట్ మొత్తం అంతకి వచ్చింది.

బోగీరాజు
మూర్తి గారూ, కష్టంగా ఉండటం వేరు, బాగుండటం వేరు. పోటీలో ఉన్న ప్రొఫెషనల్ 9 కొడితే హోల్ గొప్పదైపోతుందా? మా వీధిలో గొయ్యి ఉంది, దాన్లో ముగ్గురు పడ్డారు, అదీ గొప్పదేనా? పైగా ఆ 14 గ్రీన్‌ని తర్వాత తవ్వి మార్చారు. బాగుంటే ఎందుకు మార్చినట్టు?

ఇక మజ్జిగన్నం. నాకు మజ్జిగన్నం ఇష్టమే. దానికి బూరెల రేటు వేయొద్దంటున్నా.

మూడుపుట్లమూర్తి
విస్తరికి రేటు ఉంటుందండీ, పదార్థానికి కాదు.

బోగీరాజు
తినేవాడికి తెలుసు దేనికి డబ్బిచ్చాడో.

గోంగూర_గ్రీన్ (డల్లాస్)
నేను భోజనాల చర్చ అనుకుని లోపలికొచ్చాను.

వెడ్జ్‌వదిన (శాన్‌హోసే)
ఇదేమీ పెబుల్ ఒక్కదాని గొడవ కాదు. ఆ పక్కనే సైప్రస్ పాయింట్ కోర్సు ఉంది, అలిస్టర్ మెకెంజీ కట్టింది, 1928లో మొదలైంది. 15, 16 వరసగా రెండు పార్ 3లు, 16 అయితే సముద్రం మీదుగా 230 గజాల దాకా కొట్టాలి. ఆ వెంటనే 17 కూడా ఒడ్డునే. ఇన్ని చేసి 18 మాత్రం చెట్ల మధ్యలోంచి ఎత్తుకు పోయే పొట్టి పార్ 4. ప్రపంచంలోకెల్లా గొప్ప 17 హోళ్ల కోర్సు అని గోల్ఫర్ జిమ్మీ డెమరెట్ అన్నాడని చెప్పుకుంటారు. అయినా దాన్ని ఎవరూ కిందికి దించలేదు, 2025లో వాకర్ కప్ పోటీ అక్కడే పెట్టారు. అక్కడే ఉన్న ఇంకో కోర్సు స్పైగ్లాస్ హిల్ చూడండి, మొదటి ఐదూ ఇసుక దిబ్బల మీద, ఆ తర్వాతంతా పైన్ అడవి. అడవి హోళ్లే అసలు పరీక్ష అంటారు ఆడేవాళ్లు, ఫోటోలు మాత్రం మొదటి ఐదింటివే తీస్తారు.

బోగీరాజు
వదినా, సైప్రస్‌లో మెంబర్లు ఆడతారు. నా డబ్బు అడగట్లేదు కదా వాళ్లు.

మూడుపుట్లమూర్తి
మళ్లీ డబ్బు దగ్గరికే వచ్చారు. కోర్సు నాణ్యత గురించి అడిగి, రశీదు చూపిస్తున్నారు.

బోగీరాజు
సరే, రశీదు పక్కన పెడతా. 5వ హోల్ సంగతి చెప్పండి. 1915లోనే ఆ ఒడ్డు స్థలం ప్రైవేటు వాళ్లకి అమ్మేశారు. అందుకని 1919లో కోర్సు తెరిచినప్పుడు 5ని లోపలికి, చెట్ల మధ్యలోకి తోశారు. డెబ్భై ఏళ్లకు పైగా అందరూ భరించారు. మీలాంటివాళ్లు అప్పుడూ అనే ఉంటారు, మధ్యలో కాస్త ఊపిరి తీసుకోవాలి, మజ్జిగన్నం, అని. 1995లో ఆ స్థలం తిరిగి కొన్నారు, గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ చేత కొత్త 5 కట్టించి 1998లో తెరిచారు. ఇప్పుడు పాత 5 కావాలని ఒక్కరైనా ఏడుస్తున్నారా? అంటే బాగాలేని హోల్ బాగాలేదని వాళ్లే ఒప్పుకున్నారు. మీరే ఒప్పుకోవట్లేదు.

మూడుపుట్లమూర్తి
అది మంచి ఉదాహరణే, కాదనను. కానీ 11 నుంచి 16 దాకా ఏం చేయమంటారు? సముద్రాన్ని తవ్వి లోపలికి తెస్తారా?

వెడ్జ్‌వదిన
రాజూ, ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకు. ఆ రోజు మీ తమ్ముడు పెట్టిన ఫోటోలు చూశాను. 7 టీ (మొదటి షాట్ కొట్టే చోటు) మీద నువ్వు నిలబడిన ఫోటోలో నీ వెనకాల ఏముంది?

బోగీరాజు
ఏముంది.

వెడ్జ్‌వదిన
అదే అడుగుతున్నా. ఏమీ లేదు. తెల్లగా ఉంది. పొగమంచు.

గోంగూర_గ్రీన్
అయ్యయ్యో 😂

బోగీరాజు
జులైలో పొద్దున్నే ఆడితే అంతే మరి. 6 నుంచి 10 దాకా ఏమీ కనపడలేదు. 8లో రెండో షాట్ ఎటు కొట్టాలో క్యాడీ వేలు పెట్టి చూపిస్తే శబ్దం వినపడే వైపు కొట్టాను. 11 టీ దగ్గర మంచు విడిపోయింది. అక్కడి నుంచి 16 దాకా ఆకు ఆకూ కనపడింది. సంతోషమా?

మూడుపుట్లమూర్తి
ఇదండీ అసలు సంగతి. మంచు మీద కోపం 12వ హోల్ మీద తీర్చుకుంటున్నారు. ఇరవై ఆరు హ్యాండికాప్‌తో (ఈ అంకె ఎంత పెద్దదైతే ఆట అంత బలహీనం), కనపడని హోళ్లకి వంద మార్కులు, కనపడిన వాటికి సున్నా. దీన్ని విశ్లేషణ అంటారా?

బోగీరాజు
నా హ్యాండికాప్ మీకెందుకు? మీరు పెబుల్ ఎన్నిసార్లు ఆడారు?

మూడుపుట్లమూర్తి
మూడుసార్లు.

బోగీరాజు
ఎవరి డబ్బుతో?

మూడుపుట్లమూర్తి
అది అనవసరం.

బోగీరాజు
కంపెనీ పంపింది కదా. కాన్ఫరెన్సులకి వచ్చి ఆడారు, పోయినేడు మీరే ఇక్కడ రాశారు. మొదటిసారి మీకు 11 నచ్చకపోతే ఏమైంది, రెండోసారి చూసుకున్నారు. మూడోసారికి 14 లోతు అర్థమైంది. నాకు ఒక్కసారే. రెండేళ్లు పక్కన పెట్టిన డబ్బు, మా ఆవిడ తన వంతు కలిపింది. మళ్లీ వెళ్లేది లేదు. నెమ్మదిగా అర్థమయ్యే హోల్ నాకు దేనికి? మీరు రోజూ ఆడేవాడి కళ్లతో చూస్తున్నారు, ఒక్కసారి వచ్చిపోయేవాడి ముందు పెట్టి నచ్చాలంటున్నారు.

కొత్తబంతి
ఇది మాత్రం నిజం.

మూడుపుట్లమూర్తి
(కాస్త ఆగి రాస్తున్నా. హ్యాండికాప్ మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నా.)

మీరన్నది నిజమే, మొదటిసారి 11 నుంచి 16 దాకా నాకూ ఏమీ గుర్తులేదు. గ్రీన్లు ఎంత చిన్నవో, పక్కకి పడితే పైకి తేవడం ఎంత కష్టమో, రెండోసారికి గానీ తెలియలేదు.

నేనెందుకు ఇంత పట్టు పడుతున్నానో చెప్తా. నేను చిన్నప్పటి నుంచి ఆడిన ఒక క్లబ్బు ఉంది, పేరు వద్దు. దాన్లో 12 ఉత్త పార్ 4. తిన్నగా ఉంటుంది, పక్కన వేపచెట్లు, ఒక సిమెంటు బెంచీ. అతిథులంతా మీలాగే "ఇదేం హోల్" అనేవాళ్లు. మా నాన్నగారు మోకాళ్లు పోయాక ఆడటం మానేసి, ఆదివారాలు ఆ బెంచీ మీద కూర్చుని నేను వచ్చేదాకా పేపర్ చదువుకునేవారు. కమిటీ వాళ్లు ఒక ఏడాది బలహీనమైన హోల్ అని తీర్మానం చేసి, చెట్లు కొట్టేసి చెరువు తవ్వారు. ఫోటోల్లో బాగుంటుంది. కూర్చోడానికి నీడ లేదు. అందుకని ఎవరైనా ఫలానా హోల్ దండగ అంటే నాకు ముందు గొడ్డలి చప్పుడు వినపడుతుంది.

వెడ్జ్‌వదిన
ఈ ముక్క మొదటే రాయొచ్చుగా మూర్తి గారూ. రెండు రోజులు మజ్జిగ చిలికారు.

బోగీరాజు
చెట్లు కొట్టమని నేననలేదండీ. 600 అడగొద్దన్నాను. అంతే తేడా.

మూడుపుట్లమూర్తి
దాని మీద నాకూ గొడవ లేదు.

బోగీరాజు
ఒకటి మాత్రం ఒప్పుకుంటా. 8లో మంచులో కొట్టిన ఆ షాట్ గ్రీన్ మీద పడింది. ఏమీ కనపడకపోయినా ఆ హోల్ బాగుంది. 1992 యూఎస్ ఓపెన్ ఆఖరి రోజు గాలికి టామ్ కైట్ 7లో 6 ఐరన్ (మామూలుగా ఇంకా చాలా దూరానికి వాడే కర్ర) తీశాడు, 107 గజాలకి! ఆ టీ మీద నిలబడి, ఏమీ కనపడకుండానే, అదే గుర్తు చేసుకున్నా.

కొత్తబంతి
అయితే వచ్చే వేసవికి స్పైగ్లాస్ బుక్ చేయనా, వద్దా?

బోగీరాజు
చెయ్. టీ టైమ్ మధ్యాహ్నం తీసుకో.

మూడుపుట్లమూర్తి
ఆరో హోల్ నుంచి చెట్లొస్తాయి, కంగారు పడకు.

బోగీరాజు
14 మీద మాత్రం నా మాట నాదే.