వెంటిలేటర్ మీద ఉన్న రోగి ట్యూబు కఫ్‌లో గాలి నిలవడం లేదు: ఏ వరుసలో చూడాలి?

ప్రశ్న: ఐసీయూ స్టాఫ్ నర్సు

పెద్దల ఐసీయూలో పనిచేస్తున్నాను. నోటి ద్వారా శ్వాసనాళంలోకి ట్యూబు వేసి వెంటిలేటర్ మీద ఉంచిన రోగులకు కఫ్ (ట్యూబు కింది భాగం చుట్టూ ఉబ్బి, పక్కనుంచి ఊపిరి పోకుండా ఆపే గాలి సంచి) పీడనం 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉండేలా చూడాలనేది మా విభాగంలోని నియమం. షిఫ్టు మొదట్లో మానోమీటర్‌తో (పీడనం కొలిచే పరికరం) చూసి చార్టులో రాస్తాము. ప్రస్తుతం ఒక రోగి విషయంలో ఈ పని కుదురుగా సాగడం లేదు. నేను 26 దగ్గర ఉంచి డ్యూటీ అప్పగిస్తే, తరువాత వచ్చినవారికి 16 లేదా 17 కనిపిస్తోంది. వారు మళ్లీ గాలి నింపుతారు, మళ్లీ తగ్గుతుంది. దీనికి తోడు నిన్నటి నుంచి రోగి గొంతులో గురగురమనే శబ్దం వస్తోంది. వెంటిలేటర్ లోపలికి పంపుతున్న టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరిలో వెళ్లే గాలి పరిమాణం) కంటే తిరిగి వస్తున్నది తక్కువగా చూపుతోంది. ఆక్సిజన్ సాచురేషన్ మాత్రం ఇంతవరకు బాగానే ఉంది.

కఫ్‌కు చిల్లు పడిందని అనుకోవాలా, లేక వేరే కారణం ఉంటుందా? మానోమీటర్ తగిలించిన ప్రతిసారీ కొంత గాలి పోతుందని, పైలట్ బెలూన్‌ను (కఫ్‌కు సన్నని గొట్టంతో కలిసి, చివర వాల్వుతో బయట ఉండే చిన్న బెలూన్) వేళ్లతో నొక్కి చూస్తే చాలునని ఒక సీనియర్ అంటున్నారు, అందులో నిజమెంత? శబ్దం ఆగేదాకా నింపి, 30 దాటినా పరవాలేదని ఊరుకోవచ్చా? ఈ రోగికి మొదటిసారి ట్యూబు వేయడమే కష్టమైందని కేసు షీటులో ఉంది కాబట్టి, ట్యూబు మార్చాలన్న మాట ఎత్తే ముందు చూడవలసినవన్నీ చూడాలనుకుంటున్నాను.

జవాబు: మత్తు వైద్యుడు

మీరు చెప్పిన లక్షణాలను బట్టి కఫ్‌కు చిల్లు పడిందన్న నిర్ణయానికి ఇప్పుడే రావలసిన అవసరం లేదు. కఫ్‌లో నుంచి గాలి బయటికి పోవడం ఒక సమస్య. కఫ్‌లో గాలి ఉన్నా దాని పక్కనుంచి ఊపిరి తప్పించుకోవడం పూర్తిగా వేరొక సమస్య. బయటికి రెండూ ఒకేలా వినిపిస్తాయి, ఒకే అలారం మోగుతుంది, అందువల్లే రెండింటికీ సిరంజితో గాలి నింపడమే మందు అన్నట్టు చాలా చోట్ల జరుగుతుంది. మొదటి దానిలో అది కాసేపు పనిచేస్తుంది. రెండవ దానిలో మాత్రం హాని చేసే అవకాశమే ఎక్కువ.

అన్నిటికంటే ముందు రోగిని చూడాలి. ఛాతీ రెండు వైపులా సమంగా లేస్తోందా, కాప్నోగ్రాఫ్‌లో (వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చూపే పరికరం) తరంగం మునుపటి ఆకారంలోనే ఉందా, సాచురేషన్ నిలకడగా ఉందా అన్నవి గమనించి, వీటిలో ఏది చెడినా కారణం వెతకడం పక్కనపెట్టి, నూరు శాతం ఆక్సిజన్ ఇచ్చి, వైద్యుణ్ణి పిలిచి, చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే అంబు బ్యాగ్, మాస్కు, గొంతు లోపలికి చూసే లారింగోస్కోపు మంచం దగ్గరికి తెప్పించుకోవాలి. మీ రోగి నిలకడగా ఉన్నారు కాబట్టి నిదానంగా పరీక్షించే వ్యవధి మీకు ఉంది.

మానోమీటర్ తగిలించి 25 దగ్గర ఉంచి, దాన్ని తీయకుండా కొన్ని నిమిషాలు ముల్లును చూస్తూ ఉండండి. ముల్లు నిలబడితే కఫ్, సన్నని గొట్టం, పైలట్ బెలూన్, వాల్వు అన్నీ చాలావరకు సవ్యంగానే ఉన్నట్టు. మానోమీటర్ ఉన్నంతసేపూ నిలబడి, తీసిన తరువాత మాత్రమే తగ్గుతూ ఉంటే వాల్వు మీద అనుమానం పెట్టుకోవాలి. వాల్వు చివర, మూసి ఉంచిన త్రీ-వే (మూడు దారుల చిన్న కుళాయి) తగిలిస్తే ఆ లీకు ఆగిపోతుంది, ట్యూబు మార్చే పని తప్పుతుంది. మీరు చూస్తుండగానే ముల్లు దిగిపోతూ ఉంటే, మళ్లీ నింపి, పైలట్ బెలూన్‌కూ రోగికీ మధ్యనున్న సన్నని గొట్టాన్ని గాజ్ (పలుచని కట్టుగుడ్డ) చుట్టిన క్లాంపుతో మెల్లగా నొక్కి ఉంచండి. అప్పుడు రోగి వైపు లీకు శబ్దం తిరిగి రాకపోతే లోపం బెలూన్‌లోనో వాల్వులోనో ఉంది. క్లాంపు పెట్టినా లీకు మళ్లీ మొదలైతే లోపం క్లాంపుకు అవతల, బహుశా కఫ్‌లోనే, ఉంది.

కఫ్ చక్కగా నిలుస్తున్నా గురగుర వినిపిస్తుంటే నేను మొదట చూసేది ట్యూబు లోతు. పెద్దలలో ముందు పళ్ల దగ్గర స్త్రీలకు సుమారు 21, పురుషులకు సుమారు 23 సెంటీమీటర్ల గుర్తు ఉండటం మామూలు. అంతకంటే ముఖ్యమైనది, ట్యూబు వేసిన రోజు రాసిన అంకె ఇప్పటికీ అదేనా అన్నది. పట్టీ మార్చేటప్పుడో, రోగిని పక్కకు తిప్పేటప్పుడో ట్యూబు పైకి జారితే కఫ్ స్వరతంతువుల మధ్యకు లేదా వాటి పైకి వస్తుంది. అక్కడ స్థలం వెడల్పు కాబట్టి పీడనం పడిపోతుంది, ఊపిరి పక్కనుంచి పోతుంది, ఎవరో ఒకరు గాలి నింపుతారు, ఉబ్బిన కఫ్ ట్యూబును ఇంకా పైకి నెడుతుంది. లీకు అని పిలిపించిన సందర్భాల్లో ఇది కనిపించడం అరుదేమీ కాదు, దీన్ని గుర్తించకపోతే తరువాతి మెట్టు ట్యూబు బయటికి వచ్చేయడమే. ఎక్స్‌రేలో ట్యూబు కొన శ్వాసనాళం చీలే చోటికి 3 నుంచి 5 సెంటీమీటర్ల పైన ఉండాలి.

మిగిలిన కారణాలు: శ్వాసనాళానికి ట్యూబు సైజు చిన్నదవడం, వెంటిలేటర్ పీడనాలు బాగా పెరగడం, దారి తప్పిన రైల్స్ ట్యూబు (ముక్కు ద్వారా కడుపులోకి వేసే గొట్టం) శ్వాసనాళంలో కఫ్ పక్కన ఉండిపోవడం. వెంటిలేటర్ గొట్టాల (సర్క్యూట్) కీళ్లు, గాలికి తేమ చేర్చే హ్యుమిడిఫయర్ మూత, సక్షన్ పోర్టు కూడా చూడండి. లీకు కఫ్‌ది కాకుండా వీటిది అయితే గొంతులో శబ్దం ఉండదు.

ఇక 30 దాటించడం గురించి. కఫ్ ఒత్తిడి శ్వాసనాళపు లోపలి పొరలోని రక్తనాళాల పీడనాన్ని మించితే అక్కడికి రక్తం అందదు. 1984లో సీగోబిన్, వాన్ హాసెల్ట్ ఎండోస్కోపుతో నేరుగా చూసి, కఫ్ పీడనం 30 సెంటీమీటర్ల నీటిని మించినప్పుడు ఆ రక్తప్రసారం తగ్గుతుందని, 50 దగ్గర పూర్తిగా ఆగిపోతుందని ప్రచురించారు. రక్తపోటు తక్కువగా ఉండి మందుల మీద ఉన్న రోగికి 30 కూడా ఎక్కువే కావచ్చు. పుండు పడటం, మృదులాస్థి మెత్తబడటం, నెలల తరువాత శ్వాసనాళం ఇరుకవడం, అరుదుగా అన్నవాహికతో రంధ్రం ఏర్పడటం అన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి. రోగి ప్రాణం నిలబెట్టడానికి కొద్ది నిమిషాలు ఎక్కువ గాలి ఉంచవలసి రావచ్చు. ఆ నిర్ణయం వైద్యుడు తీసుకోవాలి, ఆ కాస్త సమయంలోనే కారణం సరిచేయాలి. షిఫ్టు నుంచి షిఫ్టుకు అప్పగించే పద్ధతిగా అది మారకూడదు.

జవాబు: రెస్పిరేటరీ థెరపిస్టు

డాక్టర్ గారు చెప్పినదానికి కొలతల గురించి కొంత చేరుస్తాను, ఎందుకంటే మీ 16, 17 అంకెలలో కొంత భాగం కొలిచే పద్ధతి వల్లనే రావచ్చు.

మీ సీనియర్ చెప్పిన మాటలో సగం నిజం ఉంది. సైకిలు టైరులో గాలి చూడటానికి గేజి పెట్టినప్పుడు కొంత గాలి బుస్సుమని పోయినట్టే, ఖాళీ మానోమీటర్ గొట్టం తగిలించగానే కఫ్‌లోని గాలి ఆ గొట్టాన్ని నింపడానికి వెళుతుంది. కఫ్‌లో ఉండేదే కొద్ది మిల్లీలీటర్లు కాబట్టి ఆ కొంచెమే అంకెను గణనీయంగా దించుతుంది. అందువల్ల, 26 దగ్గర ఉన్న కఫ్‌కు ఖాళీ మానోమీటర్ తగిలించి చూసినవారికి 26 కనిపించదు. దీనికి పరిష్కారం కొలవడం మానేయడం కాదు. మానోమీటర్ చివర మూసి ముందుగానే దాన్ని 25 వరకు పెంచి, ఆ పీడనంతోనే వాల్వుకు తగిలించి, ముల్లు ఎటు కదిలిందో చూసి సరిచేసి, సరిచేసిన తరువాతి అంకెను రాయాలి. తీసేటప్పుడు గొట్టాన్ని మెలితిప్పకుండా ఒక్కసారిగా లాగాలి. వెంటిలేటర్ గాలి పంపుతున్నప్పుడు కఫ్ పీడనం పెరుగుతుంది కాబట్టి, ఊపిరి వదిలిన చివరలో కనిపించే అంకెనే ప్రమాణంగా తీసుకోండి.

వేళ్లతో నొక్కి చూడటం గురించి నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. ఎంత అనుభవం ఉన్నవారి వేళ్లకైనా 25కూ 60కీ తేడా నమ్మకంగా తెలియదని, వేళ్ల అంచనాతో నింపిన కఫ్‌లు తరచు అవసరానికి మించి నిండి ఉంటాయని ఎన్నో అధ్యయనాల్లో తేలింది. బెలూన్ పూర్తిగా చప్పబడిందా లేదా అన్నది మాత్రమే వేళ్లు చెప్పగలవు.

మానోమీటర్ మీద ఏ ప్రమాణం రాసి ఉందో కూడా ఒకసారి చూడండి. పాదరసం మిల్లీమీటర్లలో 30 అంటే నీటి సెంటీమీటర్లలో సుమారు 41. రెండు రకాల పరికరాలు ఒకే వార్డులో తిరుగుతున్న చోట చార్టులో అంకె పక్కన ప్రమాణం రాయకపోతే, ఎవరి పొరపాటూ లేకుండానే రోగికి హాని జరుగుతుంది.

షిఫ్టు మొదట్లో ఒకసారి కొలిస్తే సరిపోదు. పడుకున్న భంగిమ మార్చినప్పుడు, తల తిప్పినప్పుడు, ట్యూబు పట్టీ మార్చిన తరువాత, థియేటర్ నుంచి వచ్చిన వెంటనే కొలవాలి. మత్తులో నైట్రస్ ఆక్సైడ్ వాడి ఉంటే అది కఫ్ గోడలోంచి లోపలికి చేరి పీడనాన్ని పెంచుతుంది. విమానంలోనో హెలికాప్టర్‌లోనో తరలించేటప్పుడు పైకి వెళ్లేకొద్దీ కఫ్‌లోని గాలి వ్యాకోచిస్తుంది, దిగేటప్పుడు తగ్గుతుంది, కాబట్టి రెండు దశల్లోనూ చూడాలి. నిజానికి, చార్టులో రోజంతా ప్రతి గడిలోనూ 25 అని ఒకే అంకె కనిపిస్తే అక్కడ ఎవరైనా కొలిచారా అని నాకు అనుమానం వస్తుంది.

పీడనంతో పాటు ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో కూడా రాయమని మా దగ్గర చెబుతాను. అదే పీడనం కోసం రోజురోజుకూ ఎక్కువ గాలి పడుతూ ఉంటే, సన్నని లీకు ఉందా, ట్యూబు జరిగిందా, లేక కఫ్ ఉన్నచోట శ్వాసనాళం వెడల్పవుతోందా అన్నది తేల్చుకోవాలి. చివరిదాన్ని ఒక్క పీడనం అంకె ఎప్పటికీ పట్టివ్వదు.

ఇంకొకటి: 25 ఉంటే స్రావాలు కిందికి దిగవన్న ధీమా వద్దు. ఎక్కువ పరిమాణం, తక్కువ పీడనం ఉండే మామూలు పీవీసీ కఫ్ నిండినప్పుడు దాని మీద మడతలు పడతాయి, ఆ మడతల వెంబడి కఫ్ పైన చేరిన ద్రవం ఊపిరితిత్తుల వైపు మెల్లగా జారుతుంది. 20 కంటే తగ్గితే అది ఇంకా పెరుగుతుంది, న్యుమోనియాకు దారితీస్తుంది. అందుకే తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం, నోటి శుభ్రత, ట్యూబుకు వేరే సక్షన్ మార్గం ఉంటే కఫ్ పైన చేరినదాన్ని లాగేయడం అవసరం. ఏ కారణంగానైనా కఫ్‌లో గాలి తీయవలసి వస్తే, నోరు, గొంతు, కఫ్ పైభాగం సక్షన్ చేసిన తరువాతే తీయండి.

జవాబు: ట్రకియోస్టమీ సంరక్షణ నర్సు

ఈ చర్చ చదివేవారిలో ట్రకియోస్టమీ (మెడ ముందు చేసిన రంధ్రం ద్వారా శ్వాసనాళంలో ట్యూబు ఉన్న) రోగులను చూసుకునేవారు కూడా ఉండవచ్చు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. అన్ని కఫ్‌లలోనూ గాలి నింపరు. కొన్ని సిలికాన్ కఫ్‌లలో తయారీదారు సూచించిన కొలతలో శుద్ధమైన స్టెరైల్ నీరు నింపాలి, ఎందుకంటే సిలికాన్ గోడలోంచి గాలి మెల్లగా బయటికి పోతుంది. దాన్ని లీకు అనుకుని కంగారుపడేవారు ఉంటారు. నురుగు నిండిన కఫ్ తనంతట తానే ఉబ్బుతుంది, దానిలోకి సిరంజితో గాలి ఎక్కించకూడదు. ట్యూబు అంచు మీద, పెట్టె మీద ఉన్న వివరాలు చదివి మంచం దగ్గర రాసిపెట్టండి.

రోగి మాట్లాడేందుకు ట్యూబుకు తగిలించే వాల్వు పెట్టే ముందు కఫ్‌ను పూర్తిగా, సగం కాదు, ఖాళీ చేయాలి. ఆ వాల్వు గాలిని లోపలికి మాత్రమే రానిస్తుంది. కఫ్ నిండి ఉంటే ఊపిరి వదలడానికి దారి ఉండదు, నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. నురుగు కఫ్ ఉన్నవారికి ఆ వాల్వు అసలే పెట్టకూడదు.

ప్రశ్న అడిగిన నర్సు

అందరికీ ధన్యవాదాలు. మానోమీటర్‌ను ముందే 25కు పెంచి తగిలించి చూస్తే 21 చూపింది. కొన్ని నిమిషాలు ఉంచినా ముల్లు కదలలేదు. ట్యూబు వేసిన రోజు పళ్ల దగ్గర 22 అని రాసి ఉంది, ఇప్పుడు 19 ఉంది. డ్యూటీ డాక్టర్‌కు చెప్పగానే ఎక్స్‌రే తీయించారు, ట్యూబు పైకి వచ్చిందని చెప్పి సీనియర్ మత్తు వైద్యులను పిలిచారు. వీడియో లారింగోస్కోపుతో చూస్తూ, సక్షన్ చేసి, కఫ్ ఖాళీ చేసి, ట్యూబును లోపలికి జరిపి, తిరిగి నింపి, కాప్నోగ్రాఫ్ చూసుకున్నాకే పట్టీ వేశారు. శబ్దం ఆగింది, టైడల్ వాల్యూమ్‌లో తేడా పోయింది. ఒక చిన్న అనుమానం మిగిలింది: పట్టీ కత్తిరించేటప్పుడు పైలట్ గొట్టం (పైలట్ బెలూన్ నుంచి కఫ్‌కు వెళ్లే సన్నని గొట్టం) తెగితే, ట్యూబు మార్చడం కష్టమైన ఇటువంటి రోగికి ఏం చేయగలం?

జవాబు: మత్తు వైద్యుడు

లోతు చూసినందుకు సంతోషం. ఇక మీదట ప్రతి షిఫ్టులోనూ కఫ్ అంకె పక్కనే పళ్ల దగ్గరి అంకెను కూడా రాయించండి.

పైలట్ గొట్టం తెగితే రోగి వైపు మిగిలిన ముక్కను ముందుగా వేళ్లతోనో క్లాంపుతోనో పట్టుకోవాలి, ఉన్న గాలి కొంతైనా నిలుస్తుంది. సూది తీసేసిన 22 గేజి ఐవీ కాన్యులా ప్లాస్టిక్ తొడుగును లేదా మొద్దు కొన ఉన్న సూదిని తెగిన గొట్టంలోకి దూర్చి, దానికి త్రీ-వే తగిలించి, సిరంజితో నింపి, మానోమీటర్‌తో చూసి మూసేయవచ్చు. పదునైన సూది గొట్టం గోడను చీల్చుతుంది, వాడకండి. గొట్టం మరీ కఫ్ దగ్గరగా, పట్టుకోవడానికి ముక్క మిగలకుండా తెగితే ఈ ఉపాయం పనిచేయదు. పనిచేసినా ఇది తాత్కాలికమే. దీనివల్ల దొరికిన వ్యవధిలో అనుభవమున్న మనిషి, ట్యూబు మార్చే కెథటర్ (పాత ట్యూబులోంచి దూర్చి, దాని మీదుగా కొత్తది వేసే పొడవాటి సన్నని గొట్టం), వీడియో లారింగోస్కోపు, అవసరమైతే మెడ ద్వారా శ్వాసమార్గం తెరిచే సామగ్రి సిద్ధం చేసుకుని, పగటిపూట, తగినంతమంది ఉండగా ట్యూబు మార్చాలి. పట్టీ మార్చేటప్పుడు ఒకరు ట్యూబును పట్టుకుని ఉండగా, పైలట్ గొట్టాన్ని కత్తెరకు దూరంగా పక్కకు తీసి, మొన మొద్దుగా ఉన్న కత్తెరనే వాడమని మీ విభాగంలో చెప్పండి.