రషోమోన్: కట్టెలు కొట్టేవాడి చివరి మాట నమ్మాలా, వద్దా?

పాతరీలు:
నిన్న రాత్రి మూడోసారి చూశాను. జపాన్ దర్శకుడు కురొసావా 1950లో తీసిన సినిమా, 88 నిమిషాలు. చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. అడవిలో ఒక సమురాయ్ (జపాన్ యోధుడు) శవం దొరుకుతుంది. కోర్టులో బందిపోటు తానే చంపానంటాడు. చేతిలో బాకు ఉండగా స్పృహ తప్పిందని, లేచేసరికి మొగుడి గుండెలో అది దిగి ఉందని భార్య చెప్తుంది. చచ్చినవాడు పూనకం వచ్చిన ఒక సోదెగత్తె నోట "నేనే పొడుచుకున్నాను" అంటాడు. చివరికి కట్టెలు కొట్టేవాడు, పాడుబడ్డ రషోమోన్ ద్వారం కింద వానలో కూర్చుని, అంతా కళ్ళారా చూశానని నాలుగో కథ చెప్తాడు.

జరిగింది ఆ నాలుగోదే. ముగ్గురూ పరువు కోసం చెప్పారు. బందిపోటు 23 సార్లు కత్తి కలిపామని గొప్పలు పోతాడు. ఇతని కథలో ఇద్దరి చేతులూ వణుకుతుంటాయి. రొప్పుతూ, పడుతూ లేస్తూ కొట్టుకుంటారు. అలా కల్పించి చెప్తే ఇతనికి ఒరిగేదేముంది?

గోదారిగట్టు:
బాకు ఏమైంది సార్? ముత్యాలు పొదిగిన బాకు. పూనకం మాట వినగానే ఇతను "బాకు లేదు, చచ్చింది కత్తితో" అని గట్టిగా అరుస్తాడు. ఎందుకంత ఉలికిపాటు? కొట్టేసింది తనే కనుక. కోర్టులో శవాన్ని మాత్రమే చూశానన్నాడు. అక్కడ ఒక మాట, ఇక్కడ ఒక మాట. ఇలాంటి సాక్షిని ఏ జడ్జి నమ్ముతాడు?

కెమెరాపిచ్చి:
బాకు సంగతి కాసేపు ఆపండి. అడవిలో ఆ ఎండ చూశారా? కెమెరామన్ మియగావా అద్దాలు పట్టి ముఖాల మీదికి వెలుగు తిప్పాడు. ద్వారం దగ్గర వాన కనపడాలని నీళ్ళలో నల్ల సిరా కలిపారు.

పాతరీలు:
గోదారి గారూ, అకుతగావా 1922లో రాసిన మూలకథలో కట్టెలు కొట్టేవాడు హత్య చూడనే లేదు. నాలుగో కథ సినిమావాళ్ళు చేర్చింది. నిజం కాకపోతే పనిగట్టుకుని ఎందుకు చేరుస్తారు?

గోదారిగట్టు:
అదే మూలకథలో ఎవరో వచ్చి తన గుండెలోంచి బాకు లాగారని ప్రేతం చెప్తుంది. ఆ చెయ్యి ఎవరిదో అందులో లేదు. సినిమా ఆ దొంగతనాన్ని తెచ్చి ఇతని మెడకు చుట్టింది. దాని గురించి మాట్లాడరేం?

కృష్ణవేణి:
బాకు, కత్తి అంటూ కొట్టుకుంటున్నారు. ఒక్కటి గమనించారా? ఎవడు చంపాడన్న దాంట్లోనే కథలు మారతాయి. బందిపోటు ఆమెను చెరిచాడన్నది ఏ కథలోనూ మారదు. వాడే ఒప్పుకుంటాడు. అయినా ఎక్కడ చదివినా "నిజం ఎవరికీ తెలియదు" అనే రాస్తారు. తెలుసు కదా! భార్యగా వేసిన మచికో క్యో కళ్ళు చూడండి. మొగుడు చీదరింపుగా చూస్తుంటే ఆమె అలా చూడొద్దని వేడుకుంటుంది. ఆ మాట ఎందుకు నమ్మరు?

పాతరీలు:
మేడమ్, మీరన్నది సరే. కానీ ఇక్కడ ప్రశ్న కట్టెలు కొట్టేవాడిది. బాకు తీశాడు, ఒప్పుకుంటాను. ఇంట్లో ఆరుగురు పిల్లలు, దేశంలో కరువు. దొంగతనం దాచినంత మాత్రాన హత్య గురించి చెప్పింది అబద్ధమైపోదు.

గోదారిగట్టు:
ఆకలి ఉంటే అబద్ధం చెప్పొచ్చా? మా నాన్న పొలం హద్దురాయి రాత్రికి రాత్రే జరిపారు. పక్క చేనాయన చూశాడు. పెద్దమనుషుల ముందు "నాకేం తెలీదు" అన్నాడు. 20 సెంట్లు పోయాయి. నాన్న పోయిన ఏడాదికి ఇంటికొచ్చి, ఆ రోజు చూశానని మా అమ్మ ముందు ఏడ్చాడు. ఆ ఏడుపు మాకెందుకు? మీలాంటివాళ్ళు "పాపం, పేదవాడు" అని వెనకేసుకొస్తారు.

పాతరీలు:
మాటలు జాగ్రత్త. మీ ఊరి తగువుకీ ఈ సినిమాకీ ముడిపెట్టి నన్ను తిట్టకండి.

గోదారిగట్టు:
తిట్టలేదు, అడుగుతున్నా. చివర్లో ద్వారం దగ్గర ఎవరో వదిలేసిన పసిగుడ్డు దొరికితే, బౌద్ధ భిక్షువు దాన్ని ఇతని చేతిలో పెడతాడు. నేనైతే పెట్టను. ఒకసారి నోరు మూసుకున్నవాడు ఎప్పటికీ అంతే.

పాతరీలు:
నేను పెడతాను. ఎందుకో చెప్పేస్తాను. పదకొండేళ్ళ కిందట హైవే మీద లారీ ఒక బైకును గుద్దడం నా కళ్ళతో చూశాను. కోర్టుల చుట్టూ తిరగలేనని టెన్షన్ పట్టుకుంది. "నేను వచ్చేసరికే పడి ఉన్నాడు" అని పోలీసులకు చెప్పాను. కట్టెలు కొట్టేవాడు కోర్టులో చెప్పిన మాట అదే. కోర్టు సీనులో జడ్జి ఎక్కడా కనపడడు, అందరూ మన వైపు చూసే చెప్తారు. నిన్న ఆ చోట సినిమా ఆపేశాను. గంట దాకా మళ్ళీ పెట్టలేకపోయాను. ఒకసారి దాచినవాడు తర్వాత చెప్పే నిజానికి విలువే లేదంటే, నాలాంటివాడు ఇక నోరు విప్పడమెందుకు?

కెమెరాపిచ్చి:
అన్నా...

గోదారిగట్టు:
ఆ బైకు అబ్బాయి ఇంటివాళ్ళకి చెప్పారా?

పాతరీలు:
లేదు.

గోదారిగట్టు:
మరి ఇక్కడ చెప్తే ఏం లాభం? వెళ్ళి వాళ్ళకు చెప్పండి. మా అమ్మలాగే వాళ్ళమ్మ కూడా వినాలో వద్దో ఆవిడే తేల్చుకుంటుంది.

పాతరీలు:
ఊరి పేరు గుర్తుంది. వెళ్తాను.

కృష్ణవేణి:
వెళ్ళండి, మంచిదే. నేనడిగినదానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు.