అలెఖిన్ డిఫెన్స్: గుర్రాన్ని తరిమించుకుంటే నల్లకు లాభమేంటి?

ప్రశ్న: చదరంగంలో తెల్ల 1. ఈ4కు నల్లతో గుర్రం ఎఫ్6 (ముందున్న అంకె ఎన్నో ఎత్తో చెబుతుంది, ఈ4, ఎఫ్6 లాంటివి గడుల పేర్లు). తెల్ల ఈ5 తోస్తుంది, గుర్రం డి5కి. ఇక డి4, సి4, ఎఫ్4 వరసగా వచ్చేస్తాయి, గుర్రం బి6లో ఓ పక్కన పడి ఉంటుంది. పదో ఎత్తుకల్లా పావులు కదిపే చోటే ఉండదు. ఇది ఆడదగ్గ ఓపెనింగేనా (ఆట మొదటి ఎత్తుల వరసేనా)?

జవాబు: ఆడదగ్గదేనండీ. 1921లో బుడాపెస్ట్‌లో అలెఖిన్ అనే ఆటగాడు ఆడాక దీనికి పేరొచ్చింది. 1972 ప్రపంచ ఛాంపియన్‌షిప్ 13వ గేమ్‌లో ఫిషర్ నల్లతో స్పాస్కీ మీద దీంతోనే గెలిచాడు.

మీరు చెప్పిన వరసలో డి6 ఎక్కడా లేదు, చిక్కంతా అక్కడే. ఇక్కడ గుర్రం ఎర. ముందుకొచ్చిన బంటు వెనక్కి పోలేదు కాబట్టి దాన్ని కాచుకునే బరువు తెల్లదే. 3. డి4 పడగానే డి6 ఆడి ఈ5ను తాకాలి. సి4 వచ్చి తరిమాకే బి6కు వెళ్లాలి, అంతకుముందు కాదు.

రెండో ఎత్తులో గుర్రాన్ని ఈ4కు మాత్రం దూకించకండి. 3. డి4 తర్వాత ఎఫ్3 పడితే గుర్రం పోయినట్టే: సి5ను డి4 బంటు, డి6నూ ఎఫ్6నూ ఈ5 బంటు, జి5ను బిషప్ కాస్తుంటాయి.

నాలుగు బంట్లూ వస్తే: 4. సి4 గుర్రం బి6, 5. ఎఫ్4 బంటు ఈ5లో కొట్టు, 6. ఎఫ్ బంటుతో తిరిగి కొట్టు, గుర్రం సి6, 7. బిషప్ ఈ3 బిషప్ ఎఫ్5, 8. గుర్రం సి3 ఈ6. బిషప్ బయటికి వచ్చాకే ఈ6. వరస తిరగబడితే అది సి8లోనే బందీ, మీకు ఊపిరాడనిది అందుకే. 9. గుర్రం ఎఫ్3కి బిషప్ ఈ7 ఆడితే 10. డి5 తప్పకుండా చూసుకోండి: ఈ బంటుతో కొట్టు, 11. సి బంటుతో కొట్టు, గుర్రం బి4. అక్కణ్ణుంచి బట్టీ పట్టాల్సిందే.

ఇంకో జవాబు: పై లైన్ కంటే ముందు 4. గుర్రం ఎఫ్3 నేర్చుకోవాలి, ఎక్కువగా ఎదురయ్యేది అదే. దానికి నల్లతో బిషప్ జి4, ఈ6, బిషప్ ఈ7, కోట కట్టడం, అంతే. నాలుగో ఎత్తులో ఈ5లో కొడితే మాత్రం 5. గుర్రంతో కొట్టాక గుర్రం డి7 వద్దు: 6. గుర్రం ఎఫ్7లో పడుతుంది, రాజుతో కొట్టగానే 7. మంత్రి హెచ్5 షా (రాజుకు చెక్). డి5 గుర్రాన్ని కాయాలంటే రాజు ఈ6కు నడవాలి! నల్లతో ఐదో ఎత్తులో సి6 ఆడితే ఆ బెడద లేదు.

4. సి4 గుర్రం బి6 తర్వాత తెల్ల 5. ఈ బంటుతో డి6లో కొడితే సి బంటుతో తిరిగి కొట్టడంలో ఆట ఎక్కువ, చదవాల్సిందీ ఎక్కువే. తీరిక లేనివాళ్లు ఈ బంటుతో కొట్టండి, కాస్త చప్పగా ఉన్నా గట్టిది.

ప్రశ్న: తెల్ల అసలు తరమకుండా 2. గుర్రం సి3 ఆడితే?

జవాబు: ఈ5 ఆడండి, వియన్నా అనే ఇంకో ఓపెనింగ్‌గా మారుతుంది. డి5 కూడా మంచిదే, కానీ 3. ఈ5కి గుర్రాన్ని డి7కి తిప్పితే 4. ఈ6 అని బంటు బలిచ్చి మీ రాజు ముందు దారి చెడగొడతారు. అది నచ్చకపోతే మూడో ఎత్తులో డి4.