హెచ్‌డీ 650కి డాక్, ఆంప్ కొనాలా? సంక్రాంతికి ఇంటికి కూడా తీసుకెళ్లాలి

ముమ్మిడివరం – ఇప్పుడు టొరంటో

అందరికీ నమస్కారమండి. నేను ఇక్కడికి వచ్చి రెండు నెలలైంది. ఒక బేస్‌మెంట్‌లో ముగ్గురం ఉంటున్నాం. రాత్రి పని నుంచి వచ్చాక ఒక గంట పాటలు వింటే తప్ప నాకు నిద్ర పట్టదు. మొన్న ఒకాయన దగ్గర సెన్‌హైజర్ హెచ్‌డీ 650 హెడ్‌ఫోన్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. ల్యాప్‌టాప్‌కి పెడితే కొత్త పాటలు బాగానే వస్తున్నాయి కానీ, పాత కచేరీలు వాల్యూమ్ పూర్తిగా పెంచినా చాలడం లేదు. దీనికి డాక్, ఆంప్ కలిసున్న పెట్టె తప్పనిసరి అని అందరూ అంటున్నారు. ఫియో కే7 చూశాను. 200 అమెరికన్ డాలర్ల దాకా ఉంది. ఇప్పుడు నాకది పెద్ద మొత్తమే. సంక్రాంతికి ఊరు వస్తున్నాను, బాగుంటే నాన్నగారికి ఇచ్చేద్దామని కూడా ఉంది. ఆయన బాలమురళి గారి కచేరీలు రేడియోలో వింటూ పెరిగారు. అంత పెట్టొచ్చా? ఏం చూసి కొనాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పాలకొల్లు – పదకొండేళ్లు న్యూజెర్సీ, ఇప్పుడు మళ్లీ పాలకొల్లే

తమ్ముడూ, ఈ వారం కొనకు. నీ హెడ్‌ఫోన్‌కి ఎంత కావాలో ముందు తెలుసుకో, పెట్టె సంగతి తర్వాత చూద్దాం.

ఆ పెట్టెలో జరిగేవి రెండు పనులు. ఫైల్లో అంకెలుగా ఉన్న పాటను కరెంటుగా మార్చేది డాక్. ఆ కరెంటుకి హెడ్‌ఫోన్‌ని కదిలించే బలం ఇచ్చేది ఆంప్. రెండూ నీ ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే ఉన్నాయి. నీకు వచ్చిన ఇబ్బంది రెండో దాంతోనే. వాల్యూమ్ చాలకపోతే అది డాక్ తప్పు కాదు. కాబట్టి ఏ చిప్ వేశారు, 32 బిట్లా, 768 కిలోహెర్ట్జా అనే గొడవంతా నువ్వు పక్కన పెట్టేయొచ్చు. సీడీలో ఉండేవి 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. ఆ 16 బిట్లకే అతి గట్టి శబ్దం నుంచి అతి చిన్న శబ్దం దాకా 96 డెసిబెల్స్ పరిధి దొరుకుతుంది (డెసిబెల్ అంటే శబ్దానికి కొలత). పాత కచేరీ టేపులో సుయ్‌మని వచ్చే శబ్దం ఆ పరిధి అడుగు కంటే చాలా పైనే ఉంటుంది. ఎంత ఖరీదైన డాక్ పెట్టినా ఆ సుయ్‌మనడం పోదు.

ఇక లెక్క. హెచ్‌డీ 650 ఇంపిడెన్స్, అంటే కరెంటుకి అది ఇచ్చే అడ్డు, 300 ఓమ్‌లు. 1 వోల్టు ఇస్తే 103 డెసిబెల్స్ పలుకుతుందని కంపెనీ వాళ్లే చెప్తారు. అది పాటలో అన్నిటికంటే గట్టిగా వచ్చే చోటు. కచేరీ సగటున దానికి 20 డెసిబెల్స్ కింద నడుస్తుందనుకో, 83 వస్తుంది. రాత్రిపూట గదిలో అది సరిపోవడమే కాదు, కొంచెం ఎక్కువే. రికార్డింగు మరీ నెమ్మదిగా ఉంటే ఇంకో 6 డెసిబెల్స్ కావాలి, అంటే 2 వోల్టులు. 300 ఓమ్‌ల మీద 2 వోల్టులంటే 13 మిల్లీవాట్లు. పదమూడే. కే7కి 2000 మిల్లీవాట్లని రాస్తారు కదా, అది 32 ఓమ్‌ల మీద, అదీ ఎక్కువ బలమిచ్చే బ్యాలెన్స్‌డ్ అనే వేరే రకం జాక్ నుంచి. నీ వైరుకి ఉన్నది మామూలు పిన్నే అయ్యుంటుంది. ఏ ఆంప్ చూసినా 300 ఓమ్‌ల దగ్గర ఎంత ఇస్తుందో ఆ లైను వెతుకు. అక్కడ 50 మిల్లీవాట్లు ఉన్నా నీకు మిగిలిపోతాయి. కే7 మంచిదే, నీ అవసరానికి మించింది, అంతే.

అందుకని ముందు యాపిల్ యూఎస్‌బీ-సీ డాంగిల్, అంటే హెడ్‌ఫోన్ పిన్ను గుచ్చుకునే చిన్న వైరు ముక్క, ఒకటి తెచ్చుకో. పది పన్నెండు డాలర్ల వస్తువు. ఉత్తర అమెరికాలో అమ్మేది దాదాపు 1 వోల్టు ఇస్తుంది. దాన్ని ల్యాప్‌టాప్‌కే పెట్టు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు పెడితే వాల్యూమ్ బాగా పడిపోతుంది. నీకు చాలని ఆ కచేరీలే వారం రోజులు దాంట్లో విను. అప్పటికీ చాలకపోతే ఆంప్ కొను, అప్పుడు నేనే కొనమంటాను.

కొనేముందు పోల్చి చూస్తావు కదా, అక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. రెండు పెట్టెల్లో ఏది కాస్త గట్టిగా పలికితే అదే మన చెవికి మంచిదనిపిస్తుంది. అర డెసిబెల్ తేడా ఉన్నా చాలు, అది గట్టిదనం అని మనకు తెలియదు. "గొంతు విప్పారింది, మృదంగం నిండుగా ఉంది" అనిపిస్తుంది. న్యూజెర్సీలో నేను మూడేళ్లు అలాగే నమ్మాను. ఇక్కడికి వచ్చాక మా మేనల్లుణ్ని కూర్చోబెట్టి సరిగ్గా చేశాను. ఒక పక్క డాంగిల్, ఇంకో పక్క నా రెండొందల డాలర్ల పెట్టె. 60 హెర్ట్జ్ టోన్ పెట్టి, హెడ్‌ఫోన్ గుచ్చి ఉండగానే మీటరుతో రెండింటి వోల్టేజీ సమానం చేశాను. టోన్ మోగుతున్నప్పుడు మాత్రం హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకోకు. చవక పసుపు మీటర్లు కొన్నింట్లో ఏసీ కొలత 200 వోల్టుల నుంచే మొదలవుతుంది, వాటితో ఈ పని అవదు. మిల్లీవోల్టుల ఏసీ చూపించే మీటరు కావాలి.

వసారాలో గోడకేసి తిరిగి కూర్చున్నాను. వాడు నా వెనక పిన్ను మారుస్తూ, ఏది పెట్టాడో నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. రెండు పెట్టెలకీ మార్చేటప్పుడు ఒకేలా తీసి గుచ్చమన్నాను, లేకపోతే చప్పుడుని బట్టే పట్టేస్తాం. పెట్టింది మాండొలిన్ శ్రీనివాస్ గారి కచేరీ. ఆయన పుట్టింది మా పాలకొల్లులోనే, 1969లో. ఆ తీగ మీటిన వెంటనే వచ్చే చిన్న టక్కు, గమకం సాగి ఆగే చోటు, నాకు వెయ్యిసార్లు విన్న గుర్తు. పదహారు సార్లు మార్చాడు, తొమ్మిది సార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా ఎనిమిది వస్తాయి. ఆ రోజు నుంచి ధర చూసి నేనెవరికీ పెట్టె చెప్పడం లేదు.

అయితే అన్ని పెట్టెలూ ఒకటే అనుకోకు. తేడాలుంటాయి, కానీ అవి చప్పుడు లేనప్పుడో, బాగా తక్కువగా ఉన్నప్పుడో తెలుస్తాయి. మొదట, పాట ఏమీ పెట్టకుండా ఇయర్‌ఫోన్స్ గుచ్చి వాల్యూమ్ నాబ్ తిప్పి చూడు. సుయ్‌మని వస్తోందా? ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టినప్పుడు గుయ్‌మంటోందా, తీసేస్తే ఆగుతోందా? మా పాత ఇంట్లో ఎర్త్ సరిగ్గా లేదు, ల్యాప్‌టాప్ రేకు మీద చెయ్యి పెడితే జివ్వుమనేది, అదే హెడ్‌ఫోన్‌లో గుయ్‌మని వినపడేది. ఎర్త్ వేయించాక పోయింది. నేను ఆంప్‌ని తిట్టుకున్నది అనవసరంగా.

రెండోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. నాబ్ బాగా కింద ఉన్నప్పుడు రెండు చెవులకూ సమానంగా వస్తోందా? చవక నాబ్‌లలో అడుగున ఒక పక్క ముందు మొదలవుతుంది. నడుమ ఉండాల్సిన గొంతు ఎడమ చెవిలోకి జారిపోతుంది. రాత్రి నెమ్మదిగా వినేవాడివి నువ్వు, నీ వినికిడంతా ఆ అడుగునే. షాపులో గట్టిగా వినిపిస్తే ఇది బయటపడదు. గెయిన్ (ఆంప్ శబ్దాన్ని పెంచే మోతాదు) తగ్గించే స్విచ్ ఉన్న పెట్టెల్లో నాబ్‌ని పైకి తెచ్చుకోవచ్చు, ఆ స్విచ్ ఉందో లేదో చూసుకో. మాకు సముద్రం దగ్గర కదా, ఉప్పు గాలికి మూడో ఏడు నా నాబ్ తిప్పినప్పుడల్లా కరకరమనడం మొదలైంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే బాగైంది.

చివరగా, నువ్వు ఊరికి తెస్తానన్నావు కాబట్టి ఇది తప్పకుండా చదువు. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. కొన్ని ఆంప్‌లకి ఫోన్ ఛార్జర్ లాంటిది కాకుండా బరువైన అడాప్టర్ వస్తుంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, అది అక్కడి 120 వోల్టులకే చుట్టింది. నేను వచ్చేసిన మర్నాడు సాయంత్రం మా నాన్నగారికి వినిపించాలనే తొందరలో ట్రావెల్ ప్లగ్ తగిలించి గోడకి పెట్టేశాను. ఆ ప్లగ్ కాళ్ల ఆకారం మారుస్తుంది గానీ వోల్టులు మార్చదు. ఆంప్ మీద లైటు మామూలు కంటే తెల్లగా వెలిగింది. నిమిషంలో వార్నిష్ కాలిన వాసన, అడాప్టర్ అడుగు చేతికి మెత్తగా తగిలింది. మా అన్నయ్య పరిగెత్తి మెయిన్ ఆపాడు. నాలుగేళ్లు నాతో తిరిగిన ఇంకో పెట్టె అది, మళ్లీ పలకలేదు. నాన్నగారు "పోనీలేరా" అన్నారు, కానీ హెడ్‌ఫోన్ అప్పటికే చెవులకు పెట్టుకుని కూర్చున్నారాయన. ఆ దృశ్యం నాకు పోదు.

అడాప్టర్ వెనకాల ఇన్‌పుట్ అని రాసిన చోట 100–240 వోల్టులు అనుంటే ధైర్యంగా తెచ్చుకో. లేదంటే ఐఫై జెన్ డాక్ లాగా యూఎస్‌బీ కరెంటు మీదే నడిచేది చూసుకో, అప్పుడు అడాప్టర్ గొడవే ఉండదు.

రావులపాలెం – ఇప్పుడు లెస్టర్

పైన చెప్పినవన్నీ నిజమే బాబూ, నేను రెండు ముక్కలు కలుపుతాను. ఆ డాంగిల్ యూరప్ మోడల్ అయితే సగం వోల్టే ఇస్తుంది, ఎవరైనా ఇటు నుంచి తెచ్చిస్తామంటే వద్దను. ఇంకోటి, హెచ్‌డీ 650 ఓపెన్‌బ్యాక్, అంటే వెనక పక్క మూసి ఉండదు. నువ్వు వింటున్నది పక్క మంచం మీదున్నవాళ్లకి కూడా వినపడుతుంది. ఆంప్ వచ్చి వాల్యూమ్ పెరిగితే ఇంకా ఎక్కువ. ముగ్గురున్న గదిలో అది మాటా మాటా పెరిగే సంగతి, ముందే అడుగు. నేను నైట్ డ్యూటీ వాళ్లతో ఉన్నప్పుడు బేయర్‌డైనమిక్ డీటీ 770 క్లోజ్‌డ్‌బ్యాక్‌కి మారాను. 32, 80, 250 ఓమ్‌ల రకాలున్నాయి, నీకు మొదటి రెండింట్లో ఏదైనా ఆంప్ లేకుండానే నడుస్తుంది.

ఇంకా, చాలడం లేదనిపించినప్పుడల్లా పెంచకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. 90కి వెళ్తే నాలుగు గంటలే. రోజూ రాత్రి వినేవాడివి, చెవులు జాగ్రత్త నాన్నా.

ముమ్మిడివరం – ఇప్పుడు టొరంటో

అన్నయ్యగారూ, అక్కగారూ, చాలా థ్యాంక్సండి. డాంగిల్ తెచ్చి పది రోజులైంది. ల్యాప్‌టాప్ కంటే బాగా పెరిగింది. శ్రీనివాస్ గారి కచేరీ ముప్పావు వాల్యూమ్‌కే సరిపోతోంది. ఈమని శంకరశాస్త్రి గారి వీణ రికార్డింగు ఒకటి ఉంది, అది మాత్రం పూర్తిగా పెట్టినా ఇంకొంచెం కావాలనిపిస్తోంది. పక్క మంచం అతన్ని అడిగాను. వినపడుతోందట, మొహమాటానికి ఇన్నాళ్లూ చెప్పలేదట. పదకొండు దాటాక ఇకపై ఇయర్‌ఫోన్సే పెట్టుకుంటున్నాను.

ఇక్కడే ఒకాయన వాడిన ఆంప్ 60 డాలర్లకి ఇస్తానన్నారు. వెళ్లి చూశాను. నాబ్ అడుగున తిప్పితే గొంతు నడుమే ఉంది, చప్పుడేం లేదు. అడాప్టర్ బరువుగా ఉంది, వెనకాల 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంది. తీసుకోనా?

పాలకొల్లు

తీసుకో, మంచి ధర. కానీ అది టొరంటోలోనే ఉంచు, సంక్రాంతి సామాన్లలో సర్దకు. నాన్నగారికి ఇంకో డాంగిల్, 32 ఓమ్‌ల క్లోజ్‌డ్‌బ్యాక్ ఒకటి చాలు. చెవి చుట్టూ మెత్తగా పట్టేది చూడు, పెద్దవాళ్లకు బరువైతే అరగంటకే తీసేస్తారు. ఆయన ఫోన్ ఆండ్రాయిడ్ అయితే ఆ డాంగిల్ వద్దు, వాల్యూమ్ రాకపోవచ్చు. వేరే రకం నా దగ్గరుంది, ఇస్తాను. రైలుకి వస్తే పాలకొల్లులో దిగు. నాన్నగారు రేడియోలో విన్న బాలమురళి గారి పాటలు కొన్ని దాచాను, ఆయన పుట్టిన శంకరగుప్తం మీకు దగ్గరే కదా. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తాను, చించినాడ వంతెన మీదుగా చీకటి పడేలోపు ఇంటికి చేరిపోతావు.