హెచ్‌ఓ ఆల్కోకి పొగ యూనిట్ పెట్టాలా, వద్దా?

ఆల్కో అభిమాని:
బెంగళూరులో మేం కొద్దిమందిమి కలిసి రామమూర్తినగర్‌లో ఒక మేడగదిలో హెచ్‌ఓ లేఔట్ (అసలు కొలతల్లో 87వ వంతు ఉండే బుల్లి రైలుమార్గం) కడుతున్నాం. యలహంక నుంచి హిందూపురం, పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్లే లైన్, కరెంటు తీగలు రాకముందు ఎలా ఉండేదో అలా. మా డబ్ల్యూడీఎం-3ఏ (అమెరికా ఆల్కో కంపెనీ డిజైన్‌తో వచ్చిన డీజిల్ ఇంజన్) మోడల్‌కి సౌండ్ డీకోడర్, అంటే ఆదేశాలు అందుకుని ఇంజన్ శబ్దాలు పలికించే చిప్, ఇప్పటికే ఉంది. పొగ యూనిట్ కూడా పెడదామని నేనంటుంటే గ్రూపులో సగం మంది ససేమిరా అంటున్నారు. ఆల్కో అంటేనే పొగ కదా! బండి స్టేషన్ వదిలేటప్పుడు ఎగజిమ్మే ఆ నల్లటి పొగ చూసే మనలో చాలామందికి ఈ పిచ్చి పట్టింది. వీటిని తయారుచేసిన వారణాసి డీజిల్ ఇంజన్ల ఫ్యాక్టరీ డీఎల్‌డబ్ల్యూ పేరు కూడా 2020లో బీఎల్‌డబ్ల్యూ అయిపోయింది, మన లైన్లకు అక్కడి నుంచి వచ్చేవి ఇప్పుడు ఎలక్ట్రిక్‌లే. ఆ దృశ్యాన్ని మనం కాపాడుకోకపోతే ఇంకెవరు కాపాడతారు? మీ అభిప్రాయాలు చెప్పండి.

గుత్తి షెడ్:
అన్నా, మీకున్న ప్రేమే నాకూ ఉంది. అందుకే వద్దంటున్నాను.

ఆల్కో నల్లపొగ ఎప్పుడు వస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఊరికే నిలబడి ఉన్నప్పుడు పొగ పెద్దగా కనిపించదు, ఎగ్జాస్ట్ మీద వేడిగాలి ఆడుతుంటుంది. డ్రైవర్ నాచ్ (ఇంజన్ శక్తిని మెట్టుమెట్టుగా పెంచే హ్యాండిల్ స్థానం) పెంచగానే డీజిల్ వెంటనే ఎక్కువగా పోతుంది. దాన్ని కాల్చే గాలిని పంపేది టర్బో. అదేమో ఎగ్జాస్ట్ బలంతోనే తిరగాలి కాబట్టి, అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సందులో సరిగ్గా కాలని డీజిల్ మసై నల్లగా బయటికొస్తుంది. టర్బో అందుకోగానే పొగ పలచబడుతుంది. మళ్లీ నాచ్ పెంచితే మళ్లీ ఇంకో గుప్పు.

మోడల్ యూనిట్‌లో జరిగేది పూర్తిగా వేరు. చిన్న కాయిల్ వేడికి పారాఫిన్ రకం నూనె ఆవిరవుతుంది, బయటి గాలికి చల్లబడి సన్నటి తుంపరలవుతుంది. తుంపరలు వెలుతురును చెదరగొడతాయి కాబట్టి తెల్లగా కనిపిస్తాయి. నలుపు రావాలంటే వెలుతురును మింగేసే మసి కావాలి, అది ఇంట్లో చేసే పని కాదు. అసలు ఇంజన్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తోందంటే షెడ్‌లో ఇంజెక్టర్లు చూస్తారు, సిలిండర్‌లోకి నీళ్లు దిగుతున్నాయేమో చూస్తారు. ఎంతో ముచ్చటపడి చేసిన ఆల్కోని రిపేరుకొచ్చిన ఇంజన్‌లా చూపించడం నాకు మనసొప్పదు.

డీసీసీ మారతహళ్లి:
గుత్తి షెడ్ గారూ, మీరు చెప్పిన అభ్యంతరం పాత యూనిట్లకి సరిపోతుంది. కాయిల్ వేడెక్కినంతసేపూ ఒకే తీరుగా పొగ లేస్తుండేది వాటిలోనే. ఇప్పుడు లోపల చిన్న ఫ్యాన్ ఉన్నవి వచ్చాయి. జర్మనీకి చెందిన ఈఎస్‌యూ తన డీజిల్ మోడళ్లు కొన్నింట్లో పొగను డీకోడర్‌తోనే నడిపిస్తోంది. ఐడిల్‌లో (బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు) సన్నగా, లోడ్ పెరిగితే ఫ్యాన్ వేగం పెరిగి గట్టిగా వస్తుంది. ఇంజన్ శబ్దం ఎత్తుకోవడం, పొగ ఉబకడం రెండూ కలిసి జరుగుతాయి. అది ఒకసారి చూశాక మళ్లీ మాట్లాడదాం. రంగు తెలుపే, కాదనను. కానీ వెనక గోడ వెలుతురుగా ఉండి, ముందు నుంచి లైటు పడకపోతే కాస్త బూడిదరంగు ఛాయ వస్తుంది.

ట్రాక్ మహదేవపుర:
రంగు సంగతి సరే. పట్టాల సంగతి ఎవరూ ఎత్తరేం?

పైకి లేచిన నూనె మాయమైపోదు, చల్లబడి కిందికే దిగుతుంది. మా లేఔట్‌లో పొగబండి నడిపిన మర్నాడు, సొరంగం దగ్గర పట్టా మీద వేలికి తెల్లగుడ్డ చుట్టి లాగి చూశాను. జానెడు దూరానికే బూడిదరంగు చార పడింది. సొరంగం ముఖద్వారానికి వేసిన సిమెంటు రంగు మెరుపు లేకుండా ఉండాలి, అది జిడ్డుగా మెరుస్తోంది. ఆ జిడ్డుకి దుమ్ము అంటితే ఇక చెప్పక్కర్లేదు. డీసీసీలో, అంటే మోడల్ బండ్లను డిజిటల్‌గా నడిపే పద్ధతిలో, కరెంటూ, డీకోడర్‌కి వెళ్లే ఆదేశాలూ రెండూ ఆ పట్టాల మీదే ప్రయాణిస్తాయి. చక్రం ఒక్క క్షణం పట్టు తప్పితే సౌండ్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. రబ్బరు టైర్లున్న చక్రాలైతే జారతాయి కూడా. బెంగళూరు దుమ్ముతో ఇప్పటికే వేగలేకపోతున్నాం, దానికి నూనె కూడా తోడవ్వాలా?

కేఆర్‌పురం అమ్మ:
మా అబ్బాయి కోసం ఈ గ్రూపులో ఉన్నాను కాబట్టి అడుగుతున్నాను. ఆ గదికి పిల్లలొస్తారా? ఆ నూనె సీసా ఎక్కడ పెడతారు? పలచటి పారాఫిన్ నూనె పిల్లలు మింగితే ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. అలా జరిగితే వాంతి చేయించకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. సాయంత్రం దోమలొస్తాయని కిటికీలన్నీ మూసేసుకుని, అదే గాలి అందరూ పీల్చడం కూడా మంచిది కాదు.

ఆల్కో అభిమాని:
పిల్లలొస్తారండీ, వాళ్ల కోసమే ఆదివారం తెరిచి ఉంచుతాం. సీసా తాళం వేసిన అల్మారాలోనే ఉంటుంది, అది నా పూచీ. కిటికీలు తెరిచే నడుపుతాం.

ట్రాక్ మహదేవపుర గారూ, మీ గుడ్డ సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. అయినా నా కోరిక తగ్గలేదు. లోకో షెడ్లకి మామూలు జనాన్ని రానివ్వరు, ఈ తరం పిల్లలు ఆల్కోని పని చేస్తుండగా దగ్గర్నుంచి చూసే అవకాశమే తక్కువ. స్పీకర్‌లో శబ్దం వినిపిస్తే వాళ్లకి అది బొమ్మే. పొగ వస్తే "లోపల ఏం మండుతోంది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న రావాలనే నా తాపత్రయం.

గుత్తి షెడ్:
ఆ ప్రశ్న రావాలని నాకూ ఉంది. కానీ జవాబు సరైన ఇంజన్ దగ్గర చెప్పాలి కదా.

మీ గ్రూపులో కేఆర్‌పురం షెడ్ రంగుల్లో డబ్ల్యూడీపీ-4 అనే మరో డీజిల్ ఇంజన్ మోడల్ కూడా ఉందని ఇంతకుముందు రాశారు. దానికి మాత్రం పొగ పెట్టకండి. అది ఈఎండీ అనే మరో అమెరికా కంపెనీ డిజైన్ చేసిన టూ-స్ట్రోక్ ఇంజన్. తక్కువ లోడ్‌లో టర్బోని గేర్ల ద్వారా ఇంజనే తిప్పుతుంది, ఎగ్జాస్ట్ బలం చాలినప్పుడు క్లచ్ విడిచిపెడుతుంది. గాలికి మొదటి నుంచీ కొరత తక్కువ కాబట్టి ఆల్కోలా గుప్పుమని నల్లపొగ రాదు. రెండు ఇంజన్లకీ ఒకే పొగ పెడితే వాటి మధ్య ఉన్న అసలు తేడానే చెరిపేసినట్టు.

ఇంకో చిక్కు కొలతల్లో ఉంది. ఆల్కో అసలు పొడవు 17.12 మీటర్లు, 1:87లో 20 సెంటీమీటర్ల కంటే కాస్త తక్కువ. ఇంజన్‌ని చిన్నది చేయగలం, గాలిని చేయలేం. అసలు ఇంజన్ నుంచి పొగ ఒత్తిడితో ఎగజిమ్ముతుంది. మోడల్ మీద అగరబత్తి పొగలా మెల్లగా మెలికలు తిరుగుతుంది. ఫ్యాన్ కొంత సాయం చేస్తుంది, పూర్తిగా కాదు. నన్నడిగితే ఆల్కోకి ప్రాణం శబ్దంలో ఉంది. ఐడిల్‌లో ఆ కుంటినడక చప్పుడు సరిగ్గా పలికే మంచి స్పీకర్‌కి ఆ డబ్బు పెట్టండి.

డీసీసీ మారతహళ్లి:
స్పీకర్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అయినా పెట్టాలనే అనుకుంటే వైరింగ్ జాగ్రత్తలు చెబుతాను. 14 వోల్టుల దగ్గర కాయిల్ 150 మిల్లీఆంపియర్లు లాగిందనుకోండి, రెండు వాట్లకు పైనే. మూసి ఉన్న ప్లాస్టిక్ బాడీలో ఆ వేడి తక్కువేం కాదు, బాడీకి ఎక్కడా తగలకుండా బిగించాలి. డీకోడర్ ఫంక్షన్ అవుట్‌పుట్ ఎంత కరెంటు భరిస్తుందో చూసుకోకుండా నేరుగా కలపొద్దు. నూనె బదులు నీటిని అల్ట్రాసోనిక్‌తో తుంపరగా మార్చే యూనిట్లు కూడా వస్తున్నాయి. వాటితో జిడ్డు బాధ ఉండదు.

ఆల్కో అభిమాని:
నిన్న అందరం కూర్చుని తేల్చాం. డబ్ల్యూడీపీ-4కి పొగ లేదు. స్పీకర్ ముందు మారుస్తాం. డబ్ల్యూడీఎం-3ఏకి ఫ్యాన్ యూనిట్ పెడతాం, కానీ ఆదివారం పిల్లలొచ్చినప్పుడు, స్టేషన్ నుంచి బయల్దేరేటప్పుడు మాత్రమే నొక్కుతాం. సొరంగం దగ్గర అసలు వాడం. సాయంత్రం పట్టాలు తుడిచాకే గదికి తాళం.

గుత్తి షెడ్:
నా ఓటు ఇప్పటికీ వద్దనే. అయినా నిర్ణయించుకున్నారు కాబట్టి ఒక మాట. నూనె సిరంజితోనే పొయ్యండి, యూనిట్‌తో ఇచ్చిన కొలత దాటనివ్వొద్దు. ఎక్కువైతే పొగకి బదులు నూనె చుక్కలు చిమ్మి బాడీ మీద పడతాయి. నూనె అయిపోయాక కూడా స్విచ్ ఆన్‌లో ఉంటే కాయిల్ మాడిపోతుంది, కొన్ని యూనిట్లలో అది మార్చడానికి కూడా కుదరదు. ఆ బటన్ దగ్గర ఎప్పుడూ ఒక పెద్దవాళ్లని కూర్చోబెట్టండి.